లేమిని తెలుసుకోవడం: నాలుగు మిల్లీ ఆంపియర్లు, ఆరో ప్రమాణం

ఒక వస్తువు ఉన్నదని తెలుసుకోవడానికి కన్ను, చెవి వంటి ఇంద్రియాలు చాలునని అందరూ ఒప్పుకుంటారు గాని, ఒక వస్తువు లేదని తెలుసుకోవడం ఏ సాధనంతో జరుగుతుందన్న ప్రశ్న దగ్గర భారతీయ దర్శనాలు ఏకాభిప్రాయానికి రాలేదు. లేని వస్తువు కంటికి తగలదు కనుక, తగలనిదాన్ని కన్ను ఎట్లా తెలియజేస్తుందని ఒక పక్షం అడిగితే, కన్ను తెరిచి చూసిన తర్వాతనే గదా లేదని చెప్పగలిగేదని మరొక పక్షం బదులిచ్చింది. పండితుల వాదసభకు మాత్రమే చెందినదిగా కనిపించే ఈ ప్రశ్న, నీటిమట్టాన్ని కొలిచి పంపును నడిపే నియంత్రణ యంత్రానికి తీగలు కలపడం, ప్రోగ్రాం రాయడం నేర్చుకుంటున్న ఐటీఐ విద్యార్థికి కూడా తొలి పాఠాల్లోనే ఎదురవుతుంది. లేదని తెలియడం ఒక స్థితి, అసలు తెలియకపోవడం మరొక స్థితి అనీ, రెండోదాన్ని మొదటిదిగా పొరబడకుండా కాపాడే షరతు ఒకటున్నదనీ, ఆ షరతును మరచినచోట యంత్రశాలలోనూ మతచర్చలోనూ ఒకే జాతి తప్పు పుడుతుందనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి స్టేషన్ ఘన్‌పూర్ తగిన చోటు. కాజీపేట, సికింద్రాబాద్ రైలుమార్గం మీద ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ జిల్లాలోకి వచ్చింది. మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు పుట్టింది కూడా ఆనాడే. ఇక్కడి జలాశయానికి నీరు వాలు వెంట పారి రాదు. జె.చొక్కారావు పేరిట ఉన్న దేవాదుల ఎత్తిపోతల పథకం, ఏటూరునాగారం వైపు గంగారం దగ్గర గోదావరి నుంచి నీటిని తోడి, దశలవారీగా పంపుహౌస్‌ల ద్వారా, పైపులైన్ల ద్వారా పైకెత్తి, ధర్మసాగర్, స్టేషన్ ఘన్‌పూర్, గండిరామారం, బొమ్మకూరు, తపాస్‌పల్లి వంటి జలాశయాలకు చేరుస్తుంది. కాకతీయుల కాలపు చెరువుకు నీరు వానతో, వాలుతో వచ్చేది. తూము దగ్గర నిలబడి నీటిని చూసి, ఎంత వదలాలో నిర్ణయించే నీరటి ఆ చెరువు జ్ఞానానికి కర్త. ఎత్తిపోతల విషయంలో నీటిని తోడేచోటు ఒకటి, నీరు చేరేచోటు మరొకటి. రెండింటి మధ్య పదుల కిలోమీటర్ల దూరం ఉండవచ్చు. పంపును నడిపేవాడి కంటికి జలాశయం కనిపించదు కాబట్టి, అక్కడి మట్టాన్ని ఒక పరికరం కొలిచి, తీగ ద్వారానో ఇతర మార్గాల ద్వారానో తెలియజేయాలి. జ్ఞాతకూ జ్ఞేయానికీ మధ్య ఇట్లా ఎడం ఏర్పడినచోటనే ప్రమాణ విచారం, అనగా జ్ఞానసాధనాల పరిశీలన, అవసరమవుతుంది.

ఆ పరికరాల సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. పీఎల్‌సీ, అనగా ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్, పరిశ్రమలలో మోటార్లను, వాల్వులను నిర్ణీత నియమాల ప్రకారం నడిపే చిన్న కంప్యూటర్. 1968-69లో అమెరికాలో డిక్ మోర్లీ బృందం రూపొందించిన మోడికాన్ 084ను ఈ జాతికి మొదటిదిగా చెబుతారు. దానికి అందే సమాచారం రెండు విధాలు. స్విచ్ వేసి ఉన్నదా, లేదా అన్నట్టు రెండే స్థితులు చెప్పేది డిజిటల్ సంకేతం. మట్టం, ఉష్ణోగ్రత, పీడనం వంటివాటిని కొద్దికొద్దిగా మారే విలువగా చెప్పేది అనలాగ్ సంకేతం. నీటి అడుగున పీడనాన్ని కొలిచి మట్టాన్ని లెక్కగట్టే సెన్సర్, తాను కొలిచినదాన్ని ట్రాన్స్‌మిటర్ అనే భాగం ద్వారా విద్యుత్ ప్రవాహంగా మార్చి పంపుతుంది. ఆ ప్రవాహానికి పరిశ్రమలన్నిటా చెల్లే పరిధి 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు. మిల్లీ ఆంపియర్ అంటే ఆంపియరులో వెయ్యో వంతు. పది మీటర్ల లోతును కొలిచే సెన్సర్ నీరు ఏమీ లేనప్పుడు 4, అయిదు మీటర్లున్నప్పుడు 12, పూర్తిగా నిండినప్పుడు 20 మిల్లీ ఆంపియర్లు పంపుతుంది. వోల్టేజికి బదులు ప్రవాహాన్ని ఎంచుకోవడానికి కారణమున్నది: పొడవైన తీగల నిరోధం వల్ల వోల్టేజి దారిలో తగ్గిపోతుంది గాని, ఒకే వలయంలో పారే ప్రవాహం ఆ మొదటి నుంచి ఈ చివరి దాకా ఒకటే ఉంటుంది.

అయితే సున్నా మీటర్లకు సున్నా ప్రవాహం పెట్టక, నాలుగు దగ్గర ఎందుకు మొదలుపెట్టారన్నది అసలు ప్రశ్న. దీనికి రెండు కారణాలు చెబుతారు. రెండు తీగల ట్రాన్స్‌మిటర్ తనకు కావలసిన విద్యుత్తును కూడా, సాధారణంగా 24 వోల్టుల సరఫరా నుంచి, అవే తీగల ద్వారా తీసుకుంటుంది కనుక, కొలత సున్నా అయినా పరికరం పనిచేయడానికి కొంత ప్రవాహం తప్పనిసరి. రెండో కారణం మరింత ముఖ్యమైనది. తీగ తెగినా, టెర్మినల్ స్క్రూ వదులైనా, సరఫరా ఆగినా ప్రవాహం సున్నాకు పడిపోతుంది. అప్పుడు ఆ సున్నాకు అర్థం నీరు లేదని కాదు, వార్త రాలేదని మాత్రమే. ఈ ఏర్పాటును సాంకేతిక పరిభాషలో లైవ్ జీరో అంటారు. విద్యుత్ పరికరాలకు ముందు గాలి ఒత్తిడితో నడిచే పరికరాలలో 3 నుంచి 15 పీఎస్ఐ పరిధిని పెట్టుకోవడంలోనూ ఇదే ఆలోచన ఉన్నది. నామూర్ అనే జర్మన్ పారిశ్రామిక సంఘం ఎన్‌ఈ 43 అనే సిఫార్సులో దీన్ని ఇంకా స్పష్టపరచింది: 3.8 నుంచి 20.5 దాకా ఉన్నది కొలత, 3.6 లేదా అంతకు తక్కువ, 21 లేదా అంతకు ఎక్కువ వచ్చినది లోపానికి సూచన.

ఇక శాస్త్రచర్చకు వస్తే, నేల మీద కుండ లేదన్న జ్ఞానం దర్శనకారులు ఈ సందర్భంలో తరచుగా తీసుకునే ఉదాహరణ. ప్రాభాకర మీమాంసకులు అభావాన్ని వేరే పదార్థంగా ఒప్పుకోరు; వట్టి నేలను నేలగా తెలుసుకోవడమే కుండ లేదని తెలుసుకోవడమని వారి మతం. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి లేమి జ్ఞానాన్ని అనుమానంలో, అనగా హేతువును బట్టి తేల్చే జ్ఞానంలో, చేర్చి, కనిపించకపోవడాన్ని అందుకు హేతువుగా చెప్పాడు. నైయాయికులు అభావం నిజంగా ఉన్న పదార్థమేననీ, నేలకు విశేషణంగా అది ప్రత్యక్షానికే అందుతుందనీ అన్నారు. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం ఏడు పదార్థాలలో చివరిదిగా అభావాన్ని లెక్కించి, పుట్టుకకు ముందరి లేమి, నాశనం తరువాతి లేమి, ఎన్నడూ లేని లేమి, ఒకటి మరొకటి కాకపోవడమనే లేమి అని నాలుగు విధాలుగా విభజించింది. 7వ శతాబ్దపు కుమారిలభట్టును అనుసరించే భాట్ట మీమాంసకులు, వారితోపాటు అద్వైతులు, లేమిని తెలిపే సాధనం ప్రత్యక్షం, అనుమానం మొదలైన అయిదింటిలో ఏదీ కాదని, అనుపలబ్ధి అనే ఆరో ప్రమాణాన్ని అంగీకరించారు. అనుపలబ్ధి అంటే వస్తువు తెలియరాకపోవడం. ఆ తెలియరాకపోవడమే లేమిని తెలిపే సాధనమని వారి సిద్ధాంతం.

ఇన్ని పక్షాలున్నా, వీటిలో ప్రధానమైనవి ఒక్క షరతు దగ్గర కలుస్తాయి. కనిపించకపోవడం ఏదైనా సరే లేమిని నిరూపించదు. కనిపించడానికి యోగ్యమైనది, కనిపించడానికి కావలసిన సామగ్రి అంతా ఉన్నచోట కనిపించకపోతేనే అది లేదని చెప్పడానికి వీలున్నది. దీన్నే యోగ్యానుపలబ్ధి అంటారు. చీకటి గదిలో కుండ కనిపించలేదంటే కుండ లేదని తేలదు, వెలుగు లేదని మాత్రమే తేలుతుంది. పిశాచం కనిపించలేదన్నంత మాత్రాన పిశాచం లేదని తేలదు, ఎందుకంటే ఉన్నా కంటికి కనిపించనిదిగా దాన్ని భావించడం జరిగింది. అందుచేత లేదని చెప్పే ప్రతి మాట వెనుక, ఉండి ఉంటే తెలిసి తీరేదన్న మరొక జ్ఞానం నిలబడి ఉండాలి. లైవ్ జీరో ఈ రెండో జ్ఞానానికి కొలవదగిన రూపమిచ్చింది. నాలుగు మిల్లీ ఆంపియర్లు వచ్చినప్పుడు కంట్రోలర్‌కు అందే వార్తలో రెండు భాగాలుంటాయి: నీరు లేదన్నది ఒకటి, నీరుంటే ఆ సంగతి ఇప్పుడు ఇక్కడికి అందేదన్నది రెండు. సున్నా వచ్చినప్పుడు రెండో భాగం పోతుంది. దానితోపాటు మొదటిదాన్ని చెప్పే అర్హత కూడా పోతుంది.

నేర్చుకునేవారు చేసే పొరపాట్లు ఈ షరతుకు మంచి వ్యాఖ్యానంగా పనికివస్తాయి. ప్రవాహంలోంచి నాలుగును తీసివేసి, పదహారుతో భాగించి, పరికరం కొలిచే మొత్తం లోతుతో హెచ్చిస్తే మట్టం వస్తుంది. దీన్ని స్కేలింగ్ అంటారు. సీమెన్స్ ఎస్7 తరహా కంట్రోలర్లలో 4 నుంచి 20 దాకా ఉన్న పరిధి 0 నుంచి 27648 దాకా అంకెలుగా మారుతుంది కాబట్టి, 12 మిల్లీ ఆంపియర్లకు 13824 కనిపిస్తుంది. ఇప్పుడు తీగ తెగి ప్రవాహం సున్నా అయిందనుకుంటే, పైన చెప్పిన సూత్రం ప్రకారం పది మీటర్ల సెన్సర్‌కు మట్టం మైనస్ రెండున్నర మీటర్లు అవుతుంది. లోకంలో సంభవించని ఈ విలువ నిజానికి ఒక ఉపకారం చేస్తున్నది: కొలత కొలతగా మిగలలేదని తన అసంభవత్వంతోనే చెబుతున్నది. కొత్తగా ప్రోగ్రాం రాసేవారు తెర మీద మైనస్ అంకె కనబడడం బాగుండదని, సున్నా కంటే తగ్గితే సున్నా చూపమని ఒక వాక్యం చేర్చడం కద్దు. తెర చక్కబడుతుంది, అజ్ఞానం మాత్రం అప్పటి నుంచి జ్ఞానం వేషం వేసుకుంటుంది. సంకేతాన్ని స్వీకరించే కంట్రోలర్ కార్డును 0 నుంచి 20 పరిధికి పెట్టి, అదే పరిధిలో పంపే సెన్సర్‌ను కలిపినా ఫలితం ఇదే; తెగిన తీగకూ ఎండిన చెరువుకూ భేదం చెప్పే ఆధారం ఆ వలయంలో మిగలదు.

భేదం పోయినందువల్ల కలిగే ఫలం అన్నిచోట్లా ఒకటి కాదన్నది కూడా గమనించదగినది. నీటిని తోడే సంపులో మట్టం సున్నా అని తప్పుగా తెలిస్తే పంపు ఆగిపోతుంది. పని చెడుతుంది గాని, నీరు లేకుండా తిరిగి పంపు పాడయ్యే ప్రమాదం తప్పుతుంది. నీరు చేరే చోట మట్టం సున్నా అని తప్పుగా తెలిస్తే పంపు ఆగవలసినప్పుడు ఆగదు, నిండిన తొట్టి పొంగిపొర్లుతుంది. అబద్ధం ఒక్కటే, అనర్థం వేరు. అందుకే మంచి ప్రోగ్రాంలో నీరున్నది, నీరు లేదు అన్న రెండు పక్షాలకు తోడు, తెలియదు అన్న మూడో పక్షానికి విడిగా ఒక మార్గం ఉంటుంది: 3.6 కంటే ప్రవాహం తగ్గితే అలారం మోగాలి, పంపు ఆ చోటికి తగిన క్షేమమైన స్థితికి వెళ్ళాలి, తిరిగి నడపడం మనిషి చేతిలో ఉండాలి. గౌతముని న్యాయసూత్రాలు చర్చకు తీసుకున్న పదహారు విషయాలలో ప్రమాణం, తెలుసుకోదగిన విషయమనే ప్రమేయం తర్వాత వెంటనే సంశయాన్ని, ఆ వెంటనే ప్రయోజనాన్ని చెప్పడం ఈ సందర్భంలో ఆలోచింపజేస్తుంది. సంశయం జ్ఞానానికి కలిగిన రోగం కాదు, విచారానికి ఆరంభం. సంశయంలో ఏమి చేయాలన్నది ప్రయోజనాన్ని బట్టి తేలుతుంది. జనగామకు పడమటి దిక్కున ఉన్న కొలనుపాక క్షేత్రం చెందిన జైనమతం, స్యాద్వాదమనే తన సిద్ధాంతంలోని ఏడు భంగాలలో, అనగా ఏడు వాక్యరీతులలో, అవక్తవ్యానికి, అనగా ఉన్నదనీ లేదనీ ఏకకాలంలో చెప్పశక్యం కానిదానికి, ప్రత్యేక స్థానమిచ్చింది. అది వస్తుస్వభావాన్ని గురించిన మాట, కంట్రోలర్‌లోని మూడో మార్గం కొలతకు కలిగిన లోపాన్ని గురించిన మాట; కాబట్టి రెండింటినీ ఒకటిగా చూడకూడదు గాని, రెండు గదులలోకి ఇమడనిదాన్ని బలవంతంగా ఇరికించరాదన్న జాగ్రత్త రెండింటికీ సమానమే.

ఇంతదాకా చెప్పినదానికి ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. నాలుగు మిల్లీ ఆంపియర్లు తీగ బాగున్నదని చెబుతాయి గాని, సెన్సర్ నిజం చెబుతున్నదని చెప్పవు. గోదావరి నీటితో వచ్చే ఒండ్రు సెన్సర్ ముఖాన్ని మూసివేస్తే, నీరు తగ్గినా పెరిగినా 12 మిల్లీ ఆంపియర్లే వస్తూ ఉండవచ్చు. అది పరిధిలోనే ఉంటుంది, అలారం మోగదు. అప్పుడు సెన్సర్‌ను పరీక్షించడానికి మరొక సాధనం కావాలి, ఆ సాధనాన్ని పరీక్షించడానికి ఇంకొకటి కావాలి. ఈ వరుసకు అంతం లేదన్నదే మాధ్యమిక దార్శనికుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో ప్రమాణవాదులను నిలదీసిన అంశం: ప్రమేయాలు ప్రమాణాల వల్ల సిద్ధిస్తే ప్రమాణాలు దేనివల్ల సిద్ధిస్తాయి? వేరే ప్రమాణాల వల్ల అంటే అనవస్థ, అనగా ఎక్కడా ఆగని వరుస, ఏర్పడుతుంది. వాటంతట అవే అంటే, ప్రతిదానికీ ప్రమాణం కావాలన్న తొలి ప్రతిజ్ఞ చెడుతుంది.

న్యాయసూత్రాలు దీనికి తక్కెడను దృష్టాంతంగా తీసుకున్నాయి. తక్కెడ బంగారం బరువును చెప్పేటప్పుడు ప్రమాణం. బరువు ముందే తెలిసిన బంగారంతో తక్కెడనే పరీక్షించేటప్పుడు అది ప్రమేయం. ఒకే వస్తువు సందర్భాన్ని బట్టి రెండు పాత్రలూ వహించగలదు కనుక, ప్రమాణాలన్నిటికీ అడుగున పరీక్షకు లొంగని పునాది ఒకటి వెతకవలసిన పని లేదు. కాలిబ్రేషన్ అని పరిశ్రమలు చేసేది అక్షరాలా ఇదే: తెలిసిన పీడనాన్ని ఇచ్చి సెన్సర్ ఏమంటుందో చూస్తారు, ఆ పీడనాన్ని ఇచ్చే పరికరాన్ని అంతకంటే నమ్మదగిన దానితో పోలుస్తారు, ఈ గొలుసు దేశంలో న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా వెళ్తుంది. కుమారిలుడు జ్ఞానం స్వతహాగా ప్రమాణమనీ, బాధకం, అనగా దాన్ని కొట్టివేసే మరొక జ్ఞానం, వచ్చేదాకా నమ్మవలసిందేననీ అన్నాడు. నైయాయికులు జ్ఞానం ప్రమాణమన్న సంగతి వేరే ఆధారం వల్ల, ముఖ్యంగా దాన్ని నమ్మి చేసిన పని ఫలించడం వల్ల, తెలుస్తుందన్నారు. నీరనుకుని వెళ్ళినవాడి దప్పిక తీరితే అది నీరు, తీరకపోతే ఎండమావి. నడుస్తున్న పంపుహౌస్‌కు రెండూ కావాలి. ప్రతి క్షణం ప్రతి కొలతనూ శంకిస్తే పంపు నడవదు కాబట్టి స్వతఃప్రామాణ్యం దినచర్య. పంపు గంటలకొద్దీ నడిచినా మట్టం కదలకపోతే సెన్సర్‌ను అనుమానించడం పరతఃప్రామాణ్యం. థర్మల్ విద్యుత్ కేంద్రాల బాయిలర్ డ్రమ్ములో నీటిమట్టానికి మూడు సెన్సర్లు పెట్టి, ఏ రెండు కలిస్తే ఆ మాటను స్వీకరించే పద్ధతిలోనూ ఉన్నది పరస్పర సంవాదాన్ని ఆధారంగా తీసుకోవడమే. అనవస్థ తర్కంలో ఎక్కడా తెగకపోవచ్చు. ఆచరణలో అది ప్రయోజనం నెరవేరినచోట ఆగుతుంది. నాగార్జునుడి ఆక్షేపణకు ఇది పూర్తి సమాధానం కాదు గాని, ఎటువంటి నమ్మకంతో పని సాగుతున్నదో దాచకుండా చెప్పే సమాధానం.

ఈ విచారం దైవాన్ని గురించిన ప్రశ్నకు కూడా వర్తిస్తుంది. స్టేషన్ ఘన్‌పూర్‌కు దగ్గరలోనే, పాలకుర్తి మండలంలో, పోతన పేరుతో ముడిపడిన బమ్మెర ఉన్నది. 15వ శతాబ్దపు ఆ కవి భాగవతం అష్టమ స్కంధంలో, మొసలి పట్టులో బలమంతా ఉడిగిన గజేంద్రుడు తాను పిలుస్తున్నవాని ఉనికినే శంకించే ఘట్టం తెలుగువారందరూ ఎరిగినది. ఆ శంక నాస్తికత్వం కాదు. బదులు రాకపోవడానికి కారణం పిలిచినవాడు లేకపోవడమా, పిలుపు అందకపోవడమా అని తేల్చుకోలేని స్థితి. 10వ శతాబ్దపు నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈ స్థితిని తర్కం వైపు నుంచి తీసుకున్నాడు: ఈశ్వరుడు ప్రత్యక్షానికి యోగ్యుడు కాడు కాబట్టి, కనిపించకపోవడం ఆయన లేమికి ప్రమాణం కాజాలదు. అట్లయితే కుందేటికి కొమ్ము లేదని కూడా చెప్పరాదు గదా అన్న ప్రతివాదికి, కొమ్ము అన్నది కనిపించడానికి యోగ్యమైన వస్తువే కనుక ఉంటే కనిపించేదని, లేదనడానికి అక్కడ అర్హత ఉన్నదని జవాబిచ్చాడు.

అయితే ఈ వాదం ఆస్తికునికి ఇచ్చేదెంతో గుర్తుంచుకోవాలి. తెగిన తీగ నుంచి నీరు లేదని తేల్చరానట్టే నీరున్నదనీ తేల్చరాదు. అనుపలబ్ధిని త్రోసిపుచ్చినంత మాత్రాన ఈశ్వరుడు సిద్ధించడని ఎరిగినందువల్లనే ఉదయనుడు అంతటితో ఆగక, జగత్తు కార్యమన్న హేతువు మొదలుకొని వేరే అనుమానాలను తెచ్చాడు. వాటి బలాబలాలు వాటివే. దీనికి భిన్నమైన మతానుభవం ములుగు జిల్లా మేడారంలో కనిపిస్తుంది. అక్కడి గద్దెల మీద విగ్రహం లేదు. రెండేళ్లకొకసారి జరిగే జాతరలో సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో తీసుకువస్తారు, జాతర ముగిసినప్పుడు తల్లులు వనప్రవేశం చేస్తారు. ఆ సంప్రదాయంలో దేవత ఏ రూపంలో, ఏ దారిన, ఎవరి చేతుల మీదుగా వస్తుందో ముందే నిర్ణయమై ఉన్నది కాబట్టి, గద్దె మీద తల్లి ఇంకా రాలేదన్న మాటకు భక్తుల దృష్టిలో స్పష్టమైన అర్థం ఉన్నది. గజేంద్రుడు పిలిచిన దైవానికి అటువంటి నియమం లేదు. అందుకే అక్కడి మౌనం సంశయంగా మిగిలింది.

చివరిగా, నియంత్రణ యంత్రానికి తెలియడం అన్న మాట ఎంతవరకు చెల్లుతుందో చెప్పవలసి ఉన్నది. న్యాయమతంలో జ్ఞానం ఆత్మకు గుణం. కొడవలి కోతకు సాధనమైనట్టు ఇంద్రియం జ్ఞానానికి సాధనమే గాని జ్ఞాత కాదు. ఆ లెక్కన కంట్రోలర్‌కు జ్ఞానం లేదు, అందువల్ల సంశయమూ లేదు, 3.6 దగ్గర గీసిన గీత దాన్ని రాసినవారి సంశయం, ముందుగా ఆలోచించి యంత్రంలో ఉంచినది. తెలంగాణ రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైన తర్వాత ఇటువంటి గీతలు గీయవలసినవారి సంఖ్య పెరుగుతుంది. తీగ కొసకు ఫెర్రూల్ అనే లోహపు తొడుగు వేసి టెర్మినల్‌లో బిగించే నేర్పు కొద్ది రోజుల్లో చేతికి వస్తుంది. తెలియనప్పుడు ఏమి జరగాలన్న వాక్యాన్ని ఎవరూ అడగకముందే రాయడం ప్రమాణాల పట్ల ఒక నిష్ఠ. ఆ నిష్ఠ ఎవరి నుంచైనా కోరేది రెండు ప్రశ్నలకు జవాబు: ఉండి ఉంటే అది ఏ రూపంలో తెలిసేది, ఆ రూపంలో తెలుసుకునే సామర్థ్యం ఇప్పుడు ఉన్నదనడానికి ఆధారమేమిటి. నీరు లేదనే యంత్రం తరఫున ఇంజనీరు, దైవం లేదనే వాది, ఫలానా చోట దైవం లేదనే భక్తుడు, ముగ్గురూ ఈ రెండింటికీ జవాబు చెప్పిన తర్వాతనే లేదన్న మాట ప్రమాణమవుతుంది; చెప్పలేనప్పుడు వారి దగ్గర ఉన్నది సంశయమే, దాన్ని సంశయంగానే నమోదు చేయడం సత్యం పట్ల వారి బాధ్యత.